మాన్యువళ్ళలో అవే వాక్యాలు మళ్ళీ మళ్ళీ కొడుతున్నాను. పొట్టి అక్షరాలు కొడితే పూర్తి వాక్యం పడే పద్ధతి తెలుగులో ఎవరైనా వాడుతున్నారా?

మోటారు_పుస్తకం

వ్యవసాయ మోటార్ల స్టార్టర్లకి, ప్యానెల్ బోర్డులకి తెలుగులో యూజర్ మాన్యువళ్ళు రాస్తుంటాను. ఒక్కో పుస్తకం 24 పేజీలు. అందులో సగానికి సగం అన్ని పుస్తకాల్లోనూ ఉండే మాటలే. “మూత తీసే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి” అన్నది నిన్న ఒక్కరోజే 11 సార్లు కొట్టాను. పాత ఫైల్లోంచి కాపీ చేద్దామంటే అది ఏ ఫోల్డర్లో ఉందో వెతకాలి, తెచ్చి అతికిస్తే దాని ఫాంటు, సైజు కూడా వెంటబడి వస్తాయి.

రెండు మూడు అక్షరాలు కొడితే మొత్తం వాక్యం పడేలా పెట్టుకోవచ్చని ఒక స్నేహితుడు చెప్పాడు. ఇంగ్లీషులో రాసేవాళ్ళు చాలామంది వాడతారట. నాది విండోస్, వర్డ్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (ఒక్కో మీటకి నేరుగా ఒక్కో తెలుగు అక్షరం పడేది). తెలుగులో రోజూ వాడుతున్నవాళ్ళు ఉంటే ఏం వాడుతున్నారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెప్పండి.

బెజవాడ_బ్రో

వర్డ్‌లోనే ఉంది కదా. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్. ఎడమ గడిలో పొట్టిది, కుడి గడిలో పొడుగుది. అయిపోయింది.

సెలయేరు

@బెజవాడ_బ్రో ఆటోకరెక్ట్ అడక్కుండానే మార్చేస్తుంది, దానితో వచ్చిన చిక్కే అది. పైగా ఆ జాబితాలు భాషకొకటి. ఆ పేరా భాష తెలుగు అని వర్డ్ గుర్తించకపోతే మీరు పెట్టుకున్నది పలకదు.

నేను వాడేది ఎఫ్3. కావలసిన వాక్యం సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఒక పెట్టె వస్తుంది, అందులో పొట్టి పేరు ఇవ్వాలి. తర్వాత ఎక్కడైనా ఆ పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే వాక్యం దిగుతుంది. వాక్యం ఒక్కటే కాదు, గళ్ళ పట్టిక, పసుపురంగు త్రికోణం హెచ్చరిక బొమ్మ, అన్నీ ఎలా ఉన్నవి అలాగే. మనం నొక్కితేనే వస్తుంది కాబట్టి పొరపాటున పడే భయం లేదు. లిబ్రేఆఫీస్‌లో కూడా ఇదే, తయారుచేసేది కంట్రోల్ ఎఫ్3తో, పిలిచేది ఉత్త ఎఫ్3తో.

మణికొండ_మల్లి

విండోస్ కీ, వి కలిపి నొక్కి చూడండి. కాపీ చేసిన చివరి 25 ముక్కలు వరసగా కనిపిస్తాయి. కావలసినవి పిన్ చేసి పెట్టుకుంటే కంప్యూటర్ ఆపి వేసినా ఉంటాయి. ఇంకేం కొత్త సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు.

సెలయేరు

పది వాక్యాల వరకూ అది బాగుంటుంది మల్లి గారూ. ఇరవై దాటాక ఆ జాబితాలో కిందికీ పైకీ వెతుక్కోవడమే ఒక పనవుతుంది. చేతికి గుర్తుండేది అక్షరాలే.

లినక్స్_లచ్చన్న

వర్డ్‌ల పెట్టుకుంటే వర్డ్‌లనే ఉంటది. మెయిల్‌ల గావాలె, బ్రౌజర్‌ల గావాలె, ఎక్సెల్‌ల గావాలె అంటే ఎట్ల? ఎస్పాన్సో చూడు తమ్మీ. ఉచితం, సోర్సు అందరికి తెరిచే ఉంటది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్ల నడుస్తది. అంత ఒక టెక్స్ట్ ఫైల్‌లనే రాసుకుంటం. ఆ ఫైల్ ఇంకో కంప్యూటర్‌కు కాపీ చేసుకుంటే చాలు, అన్ని షార్ట్‌కట్లు ఆడికి వస్తయ్. నాకు ఈయాల్టి తారీకు దానంతట అదే పడ్తది, వాక్యం నడుమ కర్సర్ యాడ ఆగాలెనో గూడ చెప్పొచ్చు. ఒక్కటే మాట, లినక్స్‌ల వేలాండ్ అనే కొత్త తెర పద్ధతి మీద ఇంక కొంచెం ఇబ్బంది పెడ్తది.

విండోస్ ఒక్కటే అయితే ఆటోహాట్‌కీ గూడ మంచిదే. 2003 నుంచి ఉన్నది.

మోటారు_పుస్తకం

లచ్చన్నా, ఆటోహాట్‌కీ నిన్ననే దించుకున్నాను. ఇంగ్లీషు పాఠాలన్నీ పొట్టి మాటకి ముందు సెమీకోలన్ పెట్టుకోమంటున్నాయి, మామూలు రాతలో సెమీకోలన్ పక్కనే అక్షరం రాదు కాబట్టి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మీట నొక్కితే నాకు ‘చ’ పడుతోంది! దాని పక్కది వాడదామంటే ‘ట’. స్లాష్ వాడదామంటే ‘య’.

ఇన్‌స్క్రిప్ట్_ఇందిర

ఇది ప్రతి ఇన్‌స్క్రిప్ట్ మనిషికీ మొదటిరోజే తగిలే గోడ. ఇంగ్లీషు కీబోర్డులో ఖాళీగా ఉండే గుర్తులన్నీ మనకి హల్లులకే సరిపోయాయి. మిగిలింది కామా, చుక్క. నేను రెండు కామాలు వాడతాను. రెండు కామాలు పక్కపక్కన ఎవరూ రాయరు, మూడో అక్షరం తగలగానే అది షార్ట్‌కట్టేనని నాకూ తెలుసు, దానికీ తెలుసు. ఆటోహాట్‌కీలో ఇలా ఉంటుంది:

::,,మస::మూత తీసే ముందు మెయిన్ స్విచ్ ఆపండి.

ఇది కొట్టి స్పేస్ నొక్కితే వాక్యం వస్తుంది. స్పేస్ కూడా అక్కర్లేకుండా వెంటనే పడాలంటే మొదటి రెండు కోలన్ల మధ్య నక్షత్రం గుర్తు పెట్టాలి. కానీ నక్షత్రం పెడితే ఒక జాగ్రత్త: ‘,,మ’ అని ఒకటి, ‘,,మస’ అని ఇంకొకటి పెట్టుకున్నారనుకోండి, మొదటిదే ఎగిరి పడుతుంది, రెండోదాకా మీరు వెళ్ళలేరు. అందుకే నేను నక్షత్రం వాడను.

ఇంకోటి, ఫైలు పాత వెర్షన్‌తో నడుపుతుంటే యూటీఎఫ్-8 విత్ బామ్ అని సేవ్ చేయండి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలొస్తాయి. 2వ వెర్షన్‌కి ఆ గొడవ లేదు.

మోటారు_పుస్తకం

@ఇన్‌స్క్రిప్ట్_ఇందిర రెండు కామాలు పనిచేశాయి! ఎంత తేలికగా చెప్పారండీ. కానీ ఇంకో వింత. హెచ్చరికకి ‘,,హె’ అని పెట్టాను. వర్డ్‌లో బాగానే వస్తోంది. మా ఆఫీసు వెబ్ ఎడిటర్లో కొడితే ముందున్న స్పేస్ మాయమై, హెచ్చరిక ముందు వాక్యానికి అతుక్కుపోతోంది. ‘,,స్త్రీ’ అని సరదాకి పెట్టి చూశాను, ముందున్న మాటలో సగం తినేసింది.

ఇన్‌స్క్రిప్ట్_ఇందిర

ఇదే అసలైన తెలుగు సమస్య. కొంచెం పొడుగ్గా చెప్తాను.

ఈ సాఫ్ట్‌వేర్లు చేసే పని ఏమిటంటే, మీరు కొట్టిన పొట్టి మాటని గమనించి, దాని పొడుగెంతో లెక్కపెట్టి, అన్నిసార్లు బ్యాక్‌స్పేస్ కొట్టి చెరిపేసి, ఆ చోట పెద్ద వాక్యాన్ని దింపుతాయి. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బ్యాక్‌స్పేస్. మన ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కొన్ని ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ ఒక్కో ముక్కనే చెరుపుతుంది, ఆరుసార్లు కొడితే ఆరూ పోతాయి, లెక్క సరిపోయింది. మరికొన్ని ఒక్క దెబ్బకి మొత్తం అక్షరాన్ని చెరిపేస్తాయి. మిగిలిన ఐదు బ్యాక్‌స్పేసులూ ఎక్కడికి పోవాలి? ముందున్న మాట మీదకే. మీ ‘హె’లో రెండు ముక్కలు, అందుకే ఒక స్పేస్ మాత్రం పోయింది.

మందు తేలిక. షార్ట్‌కట్లో గుణింతం, ఒత్తు ఏదీ రాకుండా ఉత్త హల్లులే వాడండి. ‘,,హచ’ అంటే హెచ్చరిక, ‘,,గమ’ అంటే గమనిక, ‘,,మస’ అంటే మెయిన్ స్విచ్. ఒక్కో హల్లు యూనికోడ్‌లోనూ ఒకటే, కంటికీ ఒకటే, ఏ ఎడిటర్లోనైనా లెక్క తప్పదు. పైగా నొక్కే మీటలు కూడా తక్కువ.

కర్సర్‌ని వెనక్కి జరిపించడం కూడా ఇలాంటిదే. బాణం మీట అక్షరాన్ని మొత్తంగా దాటుతుంది. ముక్కలు లెక్కపెట్టి ఎడమ బాణాలు రాస్తే కర్సర్ ఎక్కడికో పోతుంది. మీ కంటికి కనిపించే అక్షరాలనే లెక్కపెట్టండి.

సెలయేరు

పదేళ్ళుగా తెలుగులో కొడుతున్నాను, ఈ ఉత్త హల్లుల సంగతి తట్టనేలేదు. దాచుకుంటున్నాను.

ఫొనెటిక్_పావని

నేను విండోస్ ఫొనెటిక్ కీబోర్డుతో కొడతాను, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. నాకు ఈ కామాల పద్ధతి ఒకసారి వస్తోంది, పదిసార్లు రావట్లేదు.

లినక్స్_లచ్చన్న

పావనక్కా, నువ్వు కొట్టేది ఇంగ్లీషు, తెరమీద పడేది తెలుగు. నడుమ కీబోర్డు సాఫ్ట్‌వేర్ మార్పిడి చేస్తది గదా. షార్ట్‌కట్ సాఫ్ట్‌వేర్‌కు నీ వేళ్ళు కొట్టింది కనిపిస్తది, తెలుగు అక్షరం కనిపించది. ఎస్పాన్సోల వెతుకుడు పెట్టె ఒకటి ఉంటది, మీట నొక్కితే తెరుసుకుంటది. ఇంగ్లీషుల పేరు రాసి ఎంటర్ కొట్టు, తెలుగు వాక్యం పడ్తది. నాకైతే గట్లనే నడుస్తున్నది.

డీటీపీ_బాబాయి

యూనికోడ్ వాళ్ళ కష్టాలు వింటుంటే మా కష్టం చెప్పాలనిపించింది. మేం పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేస్తాం. మీ వాక్యం తెచ్చి అందులో పడేస్తే తెలుగే కనిపించదు, అది వేరే లోకం. అందుకని మాకు మేమే ఒక ఫైలు పెట్టుకున్నాం. “శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు” దగ్గర్నుంచి “మీ రాకను కోరు” దాకా శుభలేఖ మొత్తం ముక్కలు ముక్కలుగా అందులో ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో రోజుకి పాతిక కార్డులు అలాగే బయటికి పోతాయి.

గోదారి_గట్టు

బాబాయ్, ఇది కొత్త ఆలోచనేం కాదు. తంతి ఆఫీసులో శుభాకాంక్షల వాక్యాలకి నెంబర్లు ఉండేవి. పెళ్ళికి వెళ్ళలేనివాళ్ళు ఫారం మీద నెంబరు రాస్తే చాలు, అవతల ఊళ్ళో మొత్తం దీవెన అచ్చై చేరేది. మా నాన్న పోస్టాఫీసు ఉద్యోగి, నెంబర్లన్నీ నోటికి వచ్చు. 2013 జులైలో టెలిగ్రాం ఆపేసినరోజు ఆయన రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

డీటీపీ_బాబాయి

ఆ టెలిగ్రాములు మండపంలో మైకులో చదివేవాళ్ళు. ఒకే దీవెన ఎనిమిదిసార్లు వినేవాళ్ళం, అయినా ప్రతిసారీ చప్పట్లు.

బెజవాడ_బ్రో

😀 మోటారు గారి హెచ్చరిక కూడా 11 సార్లు చదివించండి, చప్పట్లు కొడదాం.

వరంగల్_వాక్యం

సరదా సరే, ఒక విషయం ఎవరూ అనలేదు. మీరంతా వేగం గురించే మాట్లాడుతున్నారు. షార్ట్‌కట్ దింపేది ఒక నకలు. దిగాక దానికీ మీ జాబితాకీ సంబంధం తెగిపోతుంది. రేపు ఆ హెచ్చరికలో ఒక మాట మారిస్తే జాబితాలో మారుతుంది, ఇప్పటికే రాసిన 40 పుస్తకాల్లో మారదు.

మాన్యువళ్ళు రాసే పెద్ద సంస్థల్లో ఇలా చేయరు. హెచ్చరిక ఒకే చోట ఉంటుంది, పుస్తకాలన్నీ అక్కడి నుంచి తెచ్చుకుంటాయి. డిటా అనే పద్ధతి ఐబీఎంలో పుట్టింది, 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణం చేసింది, అది చేసేది ఇదే. అంత పెద్దది వద్దనుకుంటే ఆస్కీడాక్ అనే తేలికైన రాత పద్ధతి ఉంది, ఒక ఫైలుని ఇంకో ఫైల్లోకి పిలిచే ఒక్క వరస రాస్తే చాలు. ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే. షార్ట్‌కట్లు అలవాటైతే ఈ దారికి రావాలన్న ఆలోచనే రాదు, నా బాధ అది.

సెలయేరు

@వరంగల్_వాక్యం మాట నిజమేగానీ, ఒక్కడే కూర్చుని వర్డ్‌లో రాసే మనిషికి డిటా నేర్చుకోమంటే ఈ ఏడాది పుస్తకం వచ్చే ఏడాదికి వస్తుంది. ప్రెస్‌వాళ్ళు అడిగేది వర్డ్ ఫైలు.

వరంగల్_వాక్యం

నేర్చుకోమనట్లేదు అక్కా, తేడా తెలుసుకోమంటున్నాను. మారే మాటని షార్ట్‌కట్లో పెట్టకూడదు.

పాత_టైపిస్టు

వరంగల్ అబ్బాయి అన్నదానికి నా అనుభవం జోడిస్తాను. 2001లో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాను. అమెరికా డాక్టర్లు మాట్లాడిన టేపులు రాత్రంతా విని టైపు చేసేవాళ్ళం. జీతం లైన్ల లెక్కన, 65 అక్షరాలకి ఒక లైను. కొట్టినా దింపినా లైను లైనే, కాబట్టి పొట్టి మాటల జాబితాయే మా ఆస్తి. నా జాబితాలో రెండువేలకి పైగా ఉండేవి. ఒకరి జాబితా ఇంకొకరికి ఇచ్చేవాళ్ళం కాదు.

అందులో ‘అంతా మామూలే’ అని ఒక ముక్క ఉండేది. రెండక్షరాలు కొడితే గుండె, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ మామూలుగా ఉన్నాయని పేరా మొత్తం పడేది. ఒకరోజు తెల్లవారుజామున డాక్టరు గుండెలో శబ్దం వినిపించిందని చెప్తుంటే, నా వేళ్ళు అలవాటుగా ఆ రెండక్షరాలూ కొట్టేశాయి. పేరా పడింది. చెవి విన్నది ఒకటి, కాగితం మీద ఉన్నది ఇంకొకటి. క్వాలిటీలో ఒకావిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆవిడ నన్ను కోప్పడలేదు. టేపు మళ్ళీ పెట్టి వినిపించింది, అంతే. ఆ రోజే ఆ ముక్కని జాబితాలోంచి తీసేశాను. గుండెకొకటి, ఊపిరితిత్తులకొకటి విడివిడిగా పెట్టుకున్నాను. ఒక్కోటీ విన్నాకే ఒక్కోటీ కొట్టాలి.

మోటారు_పుస్తకం

@పాత_టైపిస్టు మీది చదివి నా పాత ఫైళ్ళు తీసి చూశానండీ. షార్ట్‌కట్ కాదుగానీ కాపీ చేయడంలో ఇదే పొరపాటు నేనూ చేశాను, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. 5 హెచ్‌పీ మోటారు స్టార్టర్ పుస్తకంలోంచి ఓవర్‌లోడ్ రిలే పేరా తెచ్చి 3 హెచ్‌పీ పుస్తకంలో పెట్టాను. 415 వోల్టుల మూడు ఫేజుల మోటారు 5 హెచ్‌పీది నిండు లోడుమీద ఇంచుమించు 7.5 ఆంపియర్లు లాగుతుంది, 3 హెచ్‌పీది 5 దగ్గర్లో. రైతు పుస్తకం చూసి 3 హెచ్‌పీ మోటారుకి రిలే 7.5 మీద పెట్టాడంటే, బోరులో ఇసుక పట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగినా రిలే పడి దాన్ని ఆపదు. వైండింగ్ కాలుతుంది. ఎండాకాలం వరికి నీళ్ళు పెట్టే టైములో మోటారు కాలితే ఆ మడి సంగతేంటి?

అచ్చుకి పోయే ముందు ఫిట్టర్ ఒకాయన చూసి చెప్పాడు. ఆ పేరా తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

వరంగల్_వాక్యం

అన్నా, చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే పోస్టు ఇదే.

లినక్స్_లచ్చన్న

దీనికి ఉపాయం ఉన్నది. అంకె ఉన్న వాక్యాన్ని పూర్తిగ పెట్టకు. ఎస్పాన్సోల ఫారం పెట్టొచ్చు, షార్ట్‌కట్ కొట్టంగనే చిన్న పెట్టె వస్తది, ‘హెచ్‌పీ ఎంత, ఆంపియర్లు ఎన్ని’ అని అడుగుతది. నువ్వు నింపితేనే వాక్యం పడ్తది. ఆటోహాట్‌కీల గూడ ఇన్‌పుట్ బాక్స్ అని ఉంటది. అడిగినప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగుతడు.

పాత_టైపిస్టు

లచ్చన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు. పెట్టె లేకపోతే కనీసం అంకె చోట నాలుగు ప్రశ్నార్థకాలు పెట్టుకో నాయనా. పుస్తకం అయ్యాక కంట్రోల్ ఎఫ్ కొట్టి ప్రశ్నార్థకాలు మిగిలాయేమో చూడు. మేం అదే చేసేవాళ్ళం.

వికీ_వాసంతి

వేగం, పొరపాట్లు అయ్యాయి కదా, మూడో లాభం నేను చెప్తాను. మాట ప్రతిచోటా ఒకేలా పడటం.

‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్. పెట్టకపోతే వ వెళ్ళి ట కింద ఒత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. లేఖిని వెబ్‌సైట్లో అయితే టోపీ గుర్తు (^) కొడితే అది పడుతుంది, ఇన్‌స్క్రిప్ట్‌లో వెతుక్కోవాలి. ఒకే వ్యాసంలో నాలుగుచోట్ల పెట్టి, మూడుచోట్ల మర్చిపోతాం. చాలాచోట్ల వెతుకులాటకి ఆ రెండూ వేరువేరు మాటలు. ఒకటి వెతికితే ఇంకోటి దొరకదు.

అందుకని నేను వాక్యాలకన్నా మాటలకే ఎక్కువ షార్ట్‌కట్లు పెట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్, పాస్‌వర్డ్, కీబోర్డు, ఇలా ఓ అరవై. తప్పుగా కొట్టినదే షార్ట్‌కట్ అయ్యేలా కూడా పెట్టొచ్చు. ‘సాఫ్ట్వేర్’ అని కొడితే దానంతట అదే ‘సాఫ్ట్‌వేర్’ అవుతుంది.

ఇన్‌స్క్రిప్ట్_ఇందిర

వాసంతీ, బాగుందిగానీ ఆ చివరి ఉపాయంలో ఒత్తులున్నాయి చూడు, నేను పైన చెప్పిన బ్యాక్‌స్పేస్ లెక్క ఇక్కడా వస్తుంది. వర్డ్ ఆటోకరెక్ట్‌లో పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు, అది బ్యాక్‌స్పేసులు కొట్టదు.

వికీ_వాసంతి

అవును, నేను వర్డ్‌లోనే పెట్టాను. చెప్పడం మర్చిపోయాను.

మోటారు_పుస్తకం

నాక్కూడా ఇదే తలనొప్పి, ‘ఓవర్‌లోడ్’ నా పుస్తకాల్లో మూడు రకాలుగా ఉంది. ఈ రాత్రే మొదలుపెడతాను.

కోకాపేట_కోడర్

ఒక హెచ్చరిక. ఈ సాఫ్ట్‌వేర్లు మీరు కొట్టే ప్రతి మీటనీ చూస్తుంటాయి, లేకపోతే షార్ట్‌కట్ పడిందని వాటికి ఎలా తెలుస్తుంది? ఆఫీసు కంప్యూటర్లో అడక్కుండా పెట్టకండి. మా టీమ్‌లో ఒకబ్బాయి పెట్టాడు, సెక్యూరిటీ వాళ్ళు కీలాగర్ (కొట్టిందంతా దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రాం) అనుకుని ఆ ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నారు, రెండు రోజులు పని ఆగింది. ముందే మెయిల్ పెట్టి అనుమతి తీసుకుంటే ఏ గొడవా లేదు. అలాగే పాస్‌వర్డులు, ఆధార్ నెంబర్లు ఆ జాబితాలో పెట్టకండి. అది మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరు తెరిచినా చదవచ్చు.

మణికొండ_మల్లి

ఫోన్లో కూడా ఇలా ఉంటుందా?

ఫొనెటిక్_పావని

ఉంది. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, అందులో తెలుగు. మాట, దాని షార్ట్‌కట్ రెండూ ఇవ్వాలి. కొట్టగానే మారదు, పైన సూచనల వరసలో కనిపిస్తుంది, తాకాలి. ఐఫోన్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ అంటారు. మా అమ్మకి ‘బయల్దేరాను, అన్నం తినేశాను, చేరాక ఫోన్ చేస్తా’ అన్నది నేను దానితోనే పంపిస్తాను. అన్నం తిన్నాకే పంపిస్తాను 😀

మోటారు_పుస్తకం

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

మొదటిరోజు ఉత్సాహంగా 50 పెట్టాను. మర్నాటికి పదే గుర్తున్నాయి. మిగతావి తీసేసి, మూడోసారి కొట్టాల్సి వచ్చినప్పుడే కొత్తది చేర్చడం మొదలుపెట్టాను. ఇప్పుడు 38 ఉన్నాయి, అన్నీ ఉత్త హల్లులే, అన్నీ చేతికి వచ్చేశాయి. అంకెలున్నవి ఏడు, ఏడింటికీ ప్రశ్నార్థకాలు. రిలే పేరా మాత్రం జాబితాలో పెట్టలేదు, ప్రతి మోటారుకీ నేమ్ ప్లేట్ చూసి కొత్తగా రాస్తున్నాను. హెచ్చరికలన్నీ వరంగల్ తమ్ముడు చెప్పినట్టు ఒక విడి ఫైల్లో కూడా పెట్టాను, ఏ పుస్తకంలో ఏ తేదీ హెచ్చరిక ఉందో పక్కన రాసుకుంటున్నాను. నాలుగు రోజుల పుస్తకం మూడు రోజుల్లో అయింది. మిగిలిన రోజు ఫిట్టర్ దగ్గర కూర్చుని అతని చేత మొత్తం చదివించాను. రెండు తప్పులు దొరికాయి.

ఒక్కటి ఇంకా తేలలేదు. వాక్యం పడ్డాక చివర ఒక స్పేస్ మిగులుతోంది, చుక్క కొడితే స్పేస్ తర్వాత పడుతోంది.

ఇన్‌స్క్రిప్ట్_ఇందిర

మొదటి రెండు కోలన్ల మధ్య ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం పెట్టండి. మీరు నొక్కిన స్పేస్‌ని అది మింగేస్తుంది. అక్షరం తెలుగులో కాదు, ఇంగ్లీషులోనే.

మోటారు_పుస్తకం

పోయింది! ఇందిర గారూ, మీ ఊరొస్తే కాఫీ నాది.